చేపల మేతకు పూచీ ఎవరిది?
కిరండూల్ కొసన నిలిచి అడుగుతున్న ప్రశ్న

సంఘ పనుల మీద ఇటీవల కిరండూల్ వెళ్ళినప్పుడు మన రైల్వే, తపాలా సోదరుల నడుమ జరిగిన ఒక చర్చ ఈ వ్యాసానికి కారణమైనది.

కొత్తవలసలో బయలుదేరి, తూర్పు కనుమలను 58 సొరంగాల గుండా దాటుకుంటూ సుమారు 445 కిలోమీటర్లు సాగివచ్చిన పట్టాలు కిరండూల్‌లో ఆగిపోతాయి. వాటి మీద బైలదిల కొండలు, ఆ కొండల నిండా ఇనుము. ఆ సాయంత్రం బజారులో మంచుపెట్టెల్లో చేపలు అమ్ముతున్నారు. ఎక్కడివని అడిగితే ‘ఆంధ్రా చేప’ అన్నారు. బొచ్చె, శీలావతి. చెరువుల్లో పెరిగి, మంచులో పడుకుని, కనుమలెక్కి వచ్చిన చేపలు. పక్కనే శంఖినీ నది ఉండగా చేప అంత దూరం నుండి రావలసిన అవసరమేమి? ఆ ప్రశ్న అక్కడ ఎవరూ వేయరు. గనుల నుండి కొట్టుకువచ్చిన ఇనుప బురదతో ఆ నది నీరు దశాబ్దాల తరబడి ఎర్రగా పారిన సంగతి అక్కడి పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆ రాత్రి మాటల మధ్య ఒక యువ సోదరుడు తన స్వగ్రామం నుండి తెచ్చుకున్న ఖాళీ మేత సంచి చూపించాడు. వారిది కైకలూరు ప్రాంతం. అన్నగారు కౌలు చెరువులో చేపలు పెంచుతారు. ‘బాధ్యతాయుతంగా సేకరించిన దినుసులతో తయారైనది’ అని ఆ సంచి మీద ఇంగ్లీషులో అచ్చువేసి ఉన్నది. “అన్నగారూ, బాధ్యత అన్నారు సరే, ఎవరి బాధ్యత? మా అన్నయ్యను అడిగితే తెలియదన్నాడు. ఏజెంటును అడిగితే కంపెనీని అడగమన్నాడు. సంచిని అడుగుదామంటే అది ఇంగ్లీషులో మాట్లాడుతున్నది” అన్నాడా సోదరుడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాము. కాని ప్రశ్న నవ్వి వదలివేయదగినది కాదు. దానికి సమాధానం చెప్పుకోవలసిన బాధ్యత కార్మికోద్యమం మీద ఉన్నదని మేము భావిస్తున్నాము.

ముప్పు ఎవరికి?

చేపల, రొయ్యల పెంపకంలో అయ్యే ఖర్చులో సగానికి పైగా మేతదే. ఆ మేతలో కలిసే తవుడు, చేపపొడి, సోయా పిండి, చేపనూనె ఎక్కడివి, ఎట్లా వచ్చినవి అనే విచారణ ఈ మధ్య ప్రపంచ మార్కెట్టులో పెద్ద తతంగమైనది. నెదర్లాండ్స్ కేంద్రంగా పనిచేసే ఆక్వాకల్చర్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ 2021లో మేత కర్మాగారాల కోసం ఒక ప్రమాణాన్ని ప్రకటించి, 2023 నుండి అమలుకు తెచ్చినది. దాని ప్రకారం మేత తయారుచేసేవాడు తాను కొనే ప్రతి ముఖ్యమైన దినుసు మూలాన్ని విచారించాలి. దినుసు వచ్చిన దేశమేది, ఆ రంగం ఎట్లాంటిది, తయారీదారు ఎవరు అని అంచెలంచెలుగా చూసి ‘ముప్పు’ను అంచనా కట్టాలి. దొంగచాటు వేట, అడవుల నరికివేత, వెట్టిచాకిరీ, బాలల శ్రమ మొదలైనవాటి జాడ ఉన్నదా అని చూడాలి. ముప్పు తక్కువని తేలితే సరుకు లోపలికి. ఎక్కువని తేలితే తగ్గించే చర్య తీసుకోవాలి, లేదా వేరే చోట కొనుక్కోవాలి.

ఈ ఆలోచన చెడ్డదని మేము అనడం లేదు. అడవిని కొట్టివేసి పండించిన సోయా, పిల్ల చేపలను ఊడ్చి తెచ్చిన చేపపొడి, జీతం ఎగవేసి ఆడించిన మిల్లు మీద ఎక్కడో ఒకచోట నిలదీత ఉండవలసిందే. మా ప్రశ్న వేరు. ఈ కాగితాల్లో కొలుస్తున్న ముప్పు ఎవరికి కలిగే ముప్పు?

జాగ్రత్తగా చదివితే తెలిసేదేమంటే, అందులో అధిక భాగం కొనుగోలుదారుకు కలిగే ముప్పు. సరుకు ఆగిపోయే ముప్పు, ధర పెరిగే ముప్పు, ఓడరేవులో తిరస్కరింపబడే ముప్పు, అన్నింటికీ మించి పేరు చెడే ముప్పు. పడవ మీది కూలి సముద్రంలో పడి మునిగితే అది అతని కర్మ. ఆ వార్త విదేశీ పత్రికలో అచ్చయితే అది కంపెనీకి ముప్పు. ఊరి ఏరు ఎర్రబడితే అది ఊరి ఖర్మ. ఆ ఏటి ఫోటో వాటాదారుల సభలో కనబడితే అది ముప్పు. ఇట్లాంటి లెక్కలో కూలికీ, ఏటికీ స్థానం ఉన్నది గాని, వారు లెక్క వేసేవారు కారు, లెక్కలోని అంకెలు మాత్రమే.

కొనేవానికి ఇబ్బంది కలిగితే ఈ నియమాలకు ఏ గతి పడుతుందో కూడా చూశాము. అడవులు నరికి పండించిన సోయా, పామాయిలు వంటి సరుకులు తమ మార్కెట్టులోకి రాకూడదని ఐరోపా సమాఖ్య 2023లో చట్టం చేసినది. అమలు తేదీ దగ్గరపడేసరికి ఒకటికి రెండుసార్లు వాయిదా వేసినది. అడవికి వాయిదా అడిగే హక్కు లేదు గనుక అది మాత్రం వేచి ఉండలేదు.

‘సెడ్ టు కంటెయిన్’

ఈ వ్యవహారాన్ని అర్థం చేసుకోవడానికి మన రైల్వే సోదరులకు పెద్ద పాండిత్యం అవసరం లేదు. గూడ్స్ ఆఫీసులో ఒక్క సంవత్సరం పనిచేసినవారెవరికైనా ‘సెడ్ టు కంటెయిన్’ అనే మూడు మాటల విలువ తెలుసు. సరుకుదారు తన సొంత మనుషులతో వ్యాగను నింపుకున్నాడు, రైల్వే సిబ్బంది మూటలు లెక్కించలేదు, తూకం చూడలేదు. అప్పుడు రశీదు మీద ‘ఇంత ఉన్నదని సరుకుదారు చెప్పినాడు’ అని వ్రాస్తాము. 1989 రైల్వే చట్టం 65వ సెక్షను ప్రకారం రశీదు బరువుకు, మూటల లెక్కకు ప్రాథమిక సాక్ష్యమే. అయితే రైల్వే ఉద్యోగి సరిచూడలేదన్న సంగతి అందులో నమోదై ఉంటే నిరూపించుకునే భారం సరుకుదారుదే. ఇది నిజాయితీ గల ఏర్పాటు. చూసినదాన్ని చూసినట్లు, చూడనిదాన్ని చూడనట్లు వ్రాయడం మన వృత్తి ధర్మం.

తపాలా సోదరుల అనుభవం కూడా ఇట్లాంటిదే. 2025లో స్పీడ్ పోస్టులో కలిపివేయబడిన రిజిస్టర్డ్ తపాలాను తలచుకోండి. కవరు లోపల ఏమున్నదో మనకు తెలియదు, తెలుసునని చెప్పము. కాని ఏ ఆఫీసులో ఎవరి చేతి నుండి ఎవరి చేతికి మారినదో ప్రతి మెట్టులోనూ ఒక ముద్ర, ఒక సంతకం ఉండేవి. పోతే ఎక్కడ పోయినదో, ఎవరు జవాబుదారో తేలేది.

మేత సంచి మీది ‘బాధ్యతాయుత’ ముద్రను ఈ రెండు గీటురాళ్ళ మీద గీచి చూడండి. రేవులో దళారీ చెప్పినదాన్ని చేపపొడి మిల్లు వ్రాసుకున్నది. మిల్లు వ్రాసినదాన్ని వర్తకుడు వ్రాసుకున్నాడు. వర్తకుని కాగితాన్ని మేత కంపెనీ ఫైలులో పెట్టినది. కంపెనీ ఫైలును ఆడిటరు తిరగవేసి సంతకం చేశాడు. చివరకు సంచి మీద ముద్ర పడినది. ప్రతి మెట్టూ ‘సెడ్ టు కంటెయిన్’. అయితే మన రశీదు ఆ మాటను బహిరంగంగా చెబుతుంది. ఆ సంచి చెప్పదు. చూడనిదాన్ని చూసినట్లు చెప్పడం ఏ వ్యాపారంలో గౌరవప్రదమో మాకు తెలియదు గాని, మన ఆఫీసుల్లో అట్లా వ్రాసినవానికి ఛార్జిషీటు వస్తుంది.

సంచిలో ఏమున్నది?

ఇక దినుసులను ఒక్కొక్కటిగా చూద్దాము.

మొదటిది తవుడు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో బొచ్చె, శీలావతి పెంచే చెరువులు ప్రధానంగా నూనె తీసిన తవుడు మీద నడుస్తున్నవి. రైతులు దీన్ని డీఓబీ అంటారు. రంధ్రాలు పొడిచిన సంచుల్లో తవుడు నింపి చెరువులో గుంజలకు కట్టి వ్రేలాడదీస్తే చేపలు వచ్చి పొడుచుకు తింటాయి. ఆ తవుడు బియ్యపు మిల్లు నుండి నూనె తీసే కర్మాగారానికి వెళ్ళి, అక్కడ హెక్సేన్ అనే ద్రావకంతో నూనె పోగొట్టుకుని చెరువుకు వస్తుంది. హెక్సేన్ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ కర్మాగారాల్లో పనిచేసేవారిలో కాంట్రాక్టు కూలీలున్నారు. గోదాముల్లో, గూడ్స్ షెడ్లలో ఆ దుమ్ము మింగుతూ మూటలు మోసే హమాలీలున్నారు. తవుడు ‘ముప్పు తక్కువ’ దినుసని అంటారు. అడవి నరికినది కాదు, సముద్రం ఊడ్చినది కాదు గదా అని తర్కం. హమాలీ ఊపిరితిత్తులు ఆ తర్కంలోకి రావు.

తవుడు ధర కూడా రైతు చేతిలో లేదు. పశువుల దాణా ధర తగ్గించడం కోసమని కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో దీని ఎగుమతిని నిషేధించి, పలుమార్లు పొడిగించి, 2025 అక్టోబరులో ఎత్తివేసినది. నిషేధించినప్పుడు మిల్లుదారులు ఢిల్లీ వెళ్ళి మొరపెట్టుకున్నారు. ఎత్తివేసినప్పుడు కౌలు చెరువు రైతును అడిగినవారు లేరు.

రెండవది చేపపొడి. రొయ్యల మేతకు ప్రాణం ఇదే. కిలో చేపపొడి కావాలంటే నాలుగైదు కిలోల పచ్చి చేప కావాలి. పడమటి తీరంలో, ముఖ్యంగా కర్ణాటక, మహారాష్ట్ర రేవుల చుట్టూ వెలసిన మిల్లులకు నూనె కవళ్ళు, ట్రాలరు వలల్లో పడే చిన్నాచితకా చేపలు చేరుతాయి. వర్తకులు దానికి ‘చెత్తచేప’ అని పేరు పెట్టారు. ఆ చెత్తలో రేపు పెద్దవి కావలసిన పిల్ల చేపలున్నవి. పేదవాని పళ్ళెంలో పడవలసిన కవళ్ళున్నవి. ఎండుచేప అమ్ముకుని బ్రతికే తీరప్రాంత స్త్రీల జీవనోపాధి ఉన్నది. మిల్లు లారీ రేవులో నిలబడి ధర పెంచి కొన్ననాడు, నెత్తిన గంపతో ఊరూరా తిరిగే ఆ స్త్రీ ఉత్త గంపతో ఇంటికి పోవలసినదే.

సముద్రం తరగని గని అనుకునేవారికి కేరళ కవళ్ళ కథ చాలు. 2012లో నాలుగు లక్షల టన్నుల దాకా పడిన నూనె కవళ్ళు 2021 నాటికి సుమారు 3,300 టన్నులకు పడిపోయినవని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ లెక్కలు తెలిపాయి. సముద్రపు వేడిమిలో మార్పులు ఒక కారణం. పిల్ల చేపల వేట మరొక కారణం. తరువాతి సంవత్సరాల్లో అవి కొంత కోలుకున్నవి. కాని ఆ నడిమి సంవత్సరాల్లో పడవ అప్పు తీర్చలేక వల అమ్ముకున్న కుటుంబం కోలుకున్నదా అని ఏ సంస్థా లెక్క వేయలేదు. ప్రపంచమంతటా ఇదే తీరు. పడమటి ఆఫ్రికాలో సెనెగల్, మారిటేనియా, గాంబియా ప్రజల నిత్యాహారమైన చేప విదేశీ మేత కోసం పొడిగా మారిపోతున్నదని అక్కడి మత్స్యకారులు ఏళ్ళ తరబడి ఆందోళన చేస్తున్నారు. 2023లో పెరూ దేశం ఎల్ నినో కారణంగా తొలి వేట సీజనును రద్దు చేయగానే ప్రపంచమంతటా చేపపొడి ధర ఎగసినది. లిమా రేవులో వల తడవకపోతే భీమవరంలో మేత సంచి బరువెక్కుతుంది. ఇదీ ఈనాటి ‘సరఫరా గొలుసు’. గొలుసు అన్న మాట మాత్రం సార్థకమే. ఎవరి మెడకు అన్నదే తేలవలసి ఉన్నది.

మూడవది సోయా. 2021లో దేశంలో సోయా పిండి ధర విపరీతంగా పెరిగినప్పుడు, కోళ్ళ పరిశ్రమ ఒత్తిడి మీద కేంద్ర ప్రభుత్వం ఆగస్టులో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా పిండి దిగుమతికి అనుమతి ఇచ్చినది. అంతకు ముందు దాకా ‘మన సోయా జన్యుమార్పిడి లేనిది, నికార్సయినది’ అని విదేశాల్లో చెప్పుకున్నవారే ఆ రోజు ధర మాట తప్ప మరొకటి మాట్లాడలేదు. మూలం గురించిన నీతి ధర పెరిగే దాకానే నిలబడుతుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

చివరిది కల్తీ. మేతలో మాంసకృత్తులను అందులోని నత్రజనిని బట్టి లెక్క కడతారు. కనుక యూరియా కలిపితే కాగితం మీద మాంసకృత్తులు పెరుగుతాయి, చెరువులో చేప పెరగదు. ఇట్లాంటి మోసాలను అరికట్టడానికి ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చేపల మేత నాణ్యత నియంత్రణ చట్టం వచ్చినది. చట్టం మంచిదే. కాని చట్టం చదివేది కాగితాన్ని కాదు, సంచిని కావాలి. సంచి విప్పి చూడడానికి తగినంతమంది తనిఖీదారులు, ప్రయోగశాలలు లేకపోతే ఆ చట్టం కూడా మరొక ‘సెడ్ టు కంటెయిన్’ అవుతుంది.

కిరండూల్ నేర్పిన పాఠం

చేపల మేతకూ, ఇనుప ఖనిజానికీ ఏమి సంబంధమని పాఠకులు అడగవచ్చు. కె.కె. లైను మీద తవుడు కాదు, ఖనిజమే నడుస్తుంది. కాని ‘మూలం’ అంటే ఏమిటో కిరండూల్ కంటె బాగా తెలిసిన ఊరు మన లైన్ల మీద లేదు.

1960లో జపానుతో కుదిరిన ఒప్పందం ఈ లైనుకు పునాది. జపాను ఉక్కు కొలుములకు బైలదిల ఖనిజం కావలసి వచ్చినది. అందుకోసం కనుమలను తొలిచి పట్టాలు వేశారు. 1968లో కిరండూల్ గని నుండి జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఉత్పత్తి ప్రారంభించినది. ఓడకెక్కే ప్రతి సరుకులో ఇనుము శాతం ఎంత, తేమ ఎంత, మలినం ఎంత అని దశాంశం వరకు కొలిచారు. మూలాన్ని ఇంత శ్రద్ధగా విచారించిన వ్యాపారం మరొకటి ఉండదు. కాని ఆ కొలతల్లో శంఖినీ నీరు లేదు. అడవి లేదు. ఆ అడవిలో మహువా పూలు ఏరుకునే మనిషి లేడు. కొనుగోలుదారుకు కావలసినది కొలిచారు, అక్కరలేనిది ఏటిలోకి వదిలారు.

గని కార్మికుని సంగతీ అంతే. యంత్రాలు వచ్చి కాంట్రాక్టు కార్మికులను వీధిన పడవేసినప్పుడు వారు సమ్మెకు దిగారు. 1978 ఏప్రిల్ 5వ తేదీన కిరండూల్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. కార్మికుల నెత్తురు ఆ ఎర్రమట్టిలో ఇంకినది. ఆనాడు విశాఖ రేవులో ఖనిజం నాణ్యత పత్రం మీద ఈ సంగతి చేరలేదు. చేరడానికి అందులో గడి లేదు.

కాగితం సంగతి మరింత స్పష్టంగా చూడాలంటే 2019కి రండి. 13వ నిక్షేపం తవ్వకానికి సమీప గ్రామసభ 2014లోనే ఒప్పుకున్నట్లు తీర్మానం ఉన్నదని అధికారులు చూపించారు. ఆ సభే జరగలేదని, తీర్మానం నకిలీదని ఆదివాసులు అన్నారు. తమ దేవత కొలువున్న నందరాజ్ కొండను కాపాడుకోవడానికి 2019 జూన్‌లో వేలాదిమంది ఆదివాసులు విల్లంబులతో, బియ్యపు మూటలతో కిరండూల్ వచ్చి గని కార్యాలయం ముందు రోజుల తరబడి బైఠాయించారు. చివరకు రాష్ట్ర ప్రభుత్వం పనులు నిలిపి విచారణకు ఆదేశించవలసి వచ్చినది. ఆలోచించండి. ఆ తీర్మానం కాగితాన్ని ఏ ఆడిటరు చూసినా ‘సమ్మతి ఉన్నది, ముప్పు తక్కువ’ అనే వ్రాసి ఉండేవాడు. నిజమేమిటో తేల్చినది ఫైలు కాదు, కాలినడకన వచ్చిన జనం.

కిరండూల్ పాఠం ఇదే. ముప్పును కొనేవాని చివర నుండి కొలిస్తే ముప్పు కనబడదు. మూలం చివర నిలబడి, అక్కడి మనుషుల చేత కొలిపించాలి.

భారం ఎవరి మీద?

ఈ ప్రమాణాల ఖర్చు ఎవరు భరిస్తున్నారో కూడా చూడవలసి ఉన్నది. రైతు మేతను చాలాచోట్ల ఏజెంటు వద్ద అప్పు మీద కొంటాడు. పంట అదే దళారీ చేతిలో పెడతాడు. ముద్ర గల మేతకు ధర ఎక్కువ. ముద్ర గల చేపకు అదనపు ధర వస్తే అది ఎగుమతిదారుని గడప దాటి చెరువు గట్టుకు రావడం అరుదు. నష్టం మాత్రం గట్టుకు తప్పక వస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచగానే మొదట పడినది గట్టు మీది రొయ్య ధరే. మేత ధర ఆ నిష్పత్తిలో పడలేదు.

శుద్ధి కర్మాగారాల్లో రొయ్య తల తీసే వలస స్త్రీల స్థితిగతుల మీద 2024 మార్చిలో అమెరికాలో నివేదికలు వెలువడ్డాయి. పరిశ్రమ, ప్రభుత్వం ఆ ఆరోపణలను ఖండించాయి. వాదప్రతివాదాల మధ్య ఒక మాట మాత్రం ఎవరూ అడగలేదు: ఆ స్త్రీలకు సంఘం ఉన్నదా? ఉంటే విదేశీ విలేఖరి వచ్చే దాకా వారి గోడు గోడల లోపలే ఉండేదా?

మన ప్రభుత్వం ఏ దిశలో నడుస్తున్నదో గమనించండి. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన కార్మిక సంహితలు కార్మిక తనిఖీ అధికారిని ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’గా మార్చివేశాయి. అనగా యాజమాన్యానికి సలహాదారు. ఒకవైపు స్వదేశపు తనిఖీ అధికారి చేతి లాఠీ తీసివేసి చేతికి పుష్పగుచ్ఛం ఇస్తారు; మరొకవైపు విదేశీ కొనుగోలుదారు పంపిన ప్రైవేటు ఆడిటరుకు కర్మాగారం ద్వారాలు బార్లా తెరుస్తారు. మన చట్టం చూడవలసినదాన్ని వారి ముద్ర చూస్తుందట! ఆడిటరుకు రుసుము చెల్లించేది కూడా కర్మాగారమేనని గుర్తుంచుకోవాలి. ముద్దాయి జీతమిచ్చే న్యాయమూర్తి తీర్పు మీద మాకు విశ్వాసం లేదు.

‘ఇది మన పనా?’

ప్రమోషన్లు, పెన్షను, ఖాళీల భర్తీ వంటి సమస్యలు ఇన్ని ఉండగా చేపల మేత మనకెందుకని కొందరు సోదరులు అనవచ్చు. వారికి మా మనవి ఇది. మన సభ్యుల్లో ఎందరి కుటుంబాలో డెల్టా చెరువుల మీద బ్రతుకుతున్నవి. ఆ తవుడు, ఆ చెక్క, ఆ సోయా మన వ్యాగన్లలో నడిచిన సరుకులే. వలస స్త్రీ ఇంటికి పంపే సొమ్ము మన తపాలా కౌంటరు మీదుగా నడిచినదే. ఆ చేప మన పళ్ళెంలో పడుతున్నదే. సరుకు నడిపేవానికి సరుకు పుట్టుక గురించి అడిగే హక్కు లేదని ఎవరనగలరు?

మరొక వర్గం వారు వేరే మాట అంటారు: “ఈ ప్రమాణాలన్నీ విదేశీయుల కుట్ర, మన ఎగుమతులను దెబ్బతీయడానికి పన్నిన పన్నాగం, వాటిని తిరస్కరించాలి.” ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. ప్రమాణం పేరిట మార్కెట్టును మూసివేసే తంత్రం పాతదే. కాని దానికి విరుగుడు కళ్ళు మూసుకోవడం కాదు. మన కవళ్ళు, మన ఏళ్ళు, మన కూలీల ఊపిరి మనకు కావాలి గనుక మూలాన్ని మనమే విచారించాలి. పరాయివాడు అడిగాడు గనుక కాదు, అతడు అడగకపోయినా.

మన కోర్కెలు

ఈ దృష్టితో మేము ఈ క్రింది కోర్కెలను సభ్యుల చర్చకు పెడుతున్నాము.

1. ప్రతి మేత సంచి మీద రైతు చదవగల తెలుగులో దినుసుల పేర్లు, చేపపొడి ఏ రేవు నుండి ఏ జాతి చేపతో తయారైనదో, సోయా, తవుడు ఏ రాష్ట్రానివో అచ్చువేయాలి. తెలియనిచోట తెలియదని వ్రాయాలి.

2. మనుషులు తినే కవళ్ళను, చట్టబద్ధ పరిమాణానికి రాని పిల్ల చేపలను చేపపొడికి వాడడాన్ని తీర రాష్ట్రాలన్నీ కలిసి కట్టుదిట్టంగా నిషేధించాలి. ఒక రాష్ట్రం నిషేధిస్తే పక్క రేవుకు పడవ మళ్ళే పరిస్థితి పోవాలి.

3. చేపపొడి మిల్లులు, నూనె తీసే కర్మాగారాలు, మేత కర్మాగారాలు, శుద్ధి కేంద్రాల్లోని కాంట్రాక్టు, వలస కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కును ఆచరణలో గుర్తించాలి. కార్మిక ప్రతినిధి సంతకం లేని ఏ ముప్పు అంచనా చెల్లకూడదు.

4. గనులైనా, చెరువులైనా, మిల్లులైనా, నీటినీ భూమినీ వాడే ప్రతి సంస్థ విషయంలో 1996 పెసా చట్టం వర్తించే ప్రాంతాల్లో గ్రామసభ బహిరంగంగా, అందరి ఎదుట జరగాలి. ఇంటికి పంపి వ్రేలిముద్ర వేయించుకున్న తీర్మానం సమ్మతి కాదు.

5. ప్రమాణాలు పాటించే ఖర్చును కొనుగోలుదారు, ఎగుమతిదారు భరించాలి. కౌలు రైతు మీదకు దాన్ని నెట్టడాన్ని ప్రభుత్వం అడ్డుకోవాలి.

6. రాష్ట్ర మేత నాణ్యత చట్టం క్రింద ప్రతి ఆక్వా జిల్లాలో ప్రభుత్వ ప్రయోగశాల, తగిన సిబ్బంది ఉండాలి. ఈ పని ప్రైవేటు ముద్రలకు అప్పగించరాదు.

7. గూడ్స్ షెడ్లలో తవుడు, చెక్క, పొడి సరుకులు దించే హమాలీలకు దుమ్ము నుండి రక్షణ, త్రాగునీరు, వైద్య పరీక్షలు కల్పించడం సరుకుదారుల, రైల్వే యాజమాన్యాల ఉమ్మడి బాధ్యతగా గుర్తించాలి. ఇది మన చేతిలో ఉన్న కోర్కె గనుక మొదట మన శాఖలే దీన్ని చేపట్టాలి.

చివరగా ఒక మాట. కిరండూల్‌లో ఆ యువ సోదరుడు అడిగిన ప్రశ్నకు ఆ రాత్రి మేము పూర్తి సమాధానం చెప్పలేకపోయాము. ఇప్పుడు చెబుతున్నాము. ఆ సంచి మీది బాధ్యత ఇప్పటికి ఎవరిదీ కాదు. వ్రాసినవాడు చూడలేదు, చూసినవానికి వ్రాసే అధికారం లేదు. రేవులో గంప మోసే స్త్రీ చూసినది. మిల్లులో తవుడు మోసే హమాలీ చూశాడు. శంఖినీ ఒడ్డున నిలబడ్డ ఆదివాసి చూశాడు. ఏ రోజున వారి మాట రశీదు మీదకు ఎక్కుతుందో ఆ రోజున ‘బాధ్యత’ అన్న మాటకు అర్థం వస్తుంది. అప్పటి వరకు ఆ ముద్రను మనం మన పద్ధతిలోనే చదువుదాము: ఉన్నదని చెప్పబడినది, మేము లెక్కించలేదు.

లెక్కించే పని ఇక మనదే. ప్రతి శాఖ ఈ కోర్కెలను తన సర్వసభ్య సమావేశంలో చర్చించి, తీర్మానాలను ఫెడరేషన్ కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాము.

శ్రామికుల ఐక్యత వర్ధిల్లాలి!